ఢాకా నగరంలో పన్నెండు రోజులు

విదేశయాత్ర అనగానే మన మనస్సులో మెదిలేది దూరం. వేరే వాతావరణం, నోటికి అలవాటు కాని ఆహారం, చెవికి పరిచయం లేని భాష - వీటన్నిటికీ మనం ఇంటి దగ్గర నుండే మనస్సును సిద్ధం చేసుకుని బయలుదేరతాం. అందుచేత జర్మనీకో జపానుకో వెళ్ళివచ్చిన మిత్రులు చెప్పే వింతలు వినడానికి బాగుంటాయి గాని, వారిని అవి అంతగా కలవరపెట్టినట్టు తోచదు. పొరుగుదేశానికి వెళ్ళేవాడి సంగతి వేరు. అతడు ఏ సన్నాహమూ లేకుండా వెళతాడు. అక్కడి మనుషులు మన మనుషుల వలెనే ఉంటారు. వరిచేలు, కొబ్బరిచెట్లు, చీరెలు, లుంగీలు, రిక్షాలు, వీధి పక్క టీ దుకాణాలు - అన్నీ మన కళ్ళు ఎరిగినవే. కాని ఒక్కొక్కదాని దగ్గరకు వెళ్ళి చూసినప్పుడు అది మనం అనుకున్న చోట ఉండదు. ఒక జానెడు పక్కకు జరిగి ఉంటుంది. ఈ జానెడు దూరం కలిగించే దిగ్భ్రమ వేల మైళ్ళ దూరం కలిగించే దానికంటె లోతైనదని ఢాకాలో గడిపిన పన్నెండు రోజులూ నాకు తోస్తూనే వచ్చింది.

మన దేశంలోని బహరంపురం నుండి బంగ్లాదేశ్‌లోని భేరామారాకు 500 మెగావాట్ల విద్యుత్ ప్రసార సంధానం 2013 అక్టోబరులో ప్రారంభమైంది. అటు తరువాత ఉభయదేశాల విద్యుత్ రంగ ఉద్యోగుల మధ్య రాకపోకలు పెరిగాయి. అటువంటి ఒక సాంకేతిక చర్చా కార్యక్రమం నిమిత్తం 2024 ఫిబ్రవరి 10 నుండి 21 వరకు మేము ఇద్దరం ఢాకాలో ఉన్నాం. నా సహోద్యోగి కలకత్తాలో పుట్టి పెరిగిన బెంగాలీ. నేను గోదావరి జిల్లావాణ్ణి. కలకత్తా నుండి విమాన ప్రయాణం గంటసేపైనా లేదు. గడియారాన్ని మాత్రం అరగంట ముందుకు తిప్పుకోవలసి వచ్చింది.

చదువురాని వాడి కష్టం

ఢాకాలో నాకు మొదట తెలిసివచ్చినది నాకు చదువు రాదన్న సంగతి. వీధులలో దుకాణాల పేర్లు, బస్సుల మీది ఊళ్ళ పేర్లు, చివరకు వాహనాల నంబరు పలకలు సైతం బెంగాలీ లిపిలోనే ఉంటాయి. అక్షరాలు రాకపోతే పోనీ, అంకెలైనా పోల్చుకోవచ్చునని అనుకుంటాం. ఆ ఆశ కూడా నిలవదు. బెంగాలీ నాలుగు మన కంటికి ఎనిమిది వలె కనబడుతుంది. బెంగాలీ ఏడు తొమ్మిది వలె కనబడుతుంది. అసలే తెలియని గుర్తులైతే మనిషి జాగ్రత్తగా ఉంటాడు. తెలిసినట్టు కనబడి వేరే అర్థం చెప్పే గుర్తులతోనే చిక్కు. నా సహోద్యోగి మొదటి రాత్రే ఒక కాగితం మీద ఒకటి నుండి పది వరకు అంకెలు వ్రాసి నా చొక్కా జేబులో పెట్టాడు. పన్నెండు రోజులూ ఆ కాగితమే నాకు పెద్ద బాలశిక్ష.

మన బస్ స్టాండులో బోర్డు చదవలేక "బాబూ, ఇది రాజమండ్రి పోయేదేనా?" అని అడిగే వృద్ధులను మనం ఎందరినో చూశాం. తొందరలో ఒక ముక్క జవాబు చెప్పి తప్పుకుంటాం. రెండు కోట్లకు పైబడిన జనం గల మహానగరంలో నిలబడి, ఎదుట ఆగిన బస్సు ఎక్కడికి పోతుందో పక్కవారిని అడిగి తెలుసుకోవలసివచ్చినప్పుడు, ఆ ప్రశ్న అడగడానికి ఎంత వినయం కావాలో, దానికి ఓపికగా జవాబు చెప్పేవాడు ఎంత గొప్పవాడుగా కనబడతాడో అర్థమవుతుంది.

హిందీతో నెట్టుకురావచ్చునని బయలుదేరే ముందు కొందరు మిత్రులు భరోసా ఇచ్చారు. సినిమాల వలన, టెలివిజన్ వలన అక్కడ చాలామందికి హిందీ అర్థమవుతుంది. కాని అర్థం కావడం వేరు, ఆ భాషలో పలకడం వేరు. మేము హిందీలో అడిగిన దానికి కొందరు బెంగాలీలోనే, మర్యాదగా, నిదానంగా జవాబు చెప్పేవారు. అందులో విముఖత లేదు. తమ ఇంటికి వచ్చినవాడితో తమ భాషలో మాట్లాడుతున్నారు, అంతే. దాని వెనుక ఎంత చరిత్ర ఉన్నదో ఆ తరువాత తెలిసింది.

నా సహోద్యోగి పరిస్థితి మరీ విచిత్రం. అతడిది మాతృభాషే. అయినా మొదటిరోజు హోటలులో మంచినీళ్ళు అడగగానే సర్వరు నవ్వి, "దాదా కలకత్తా నుండి వచ్చారా?" అన్నాడు. కలకత్తాలో అతడు 'జల్' అని అడగడానికి అలవాటుపడ్డాడు. ఢాకాలో వాడుకమాట 'పాని'. ఉప్పును అతడు 'నూన్' అంటే వారు 'లబణ్' అన్నారు. ఒక్క మంచినీళ్ళ మాటతో ఊరు, దేశం, బహుశా మతం కూడా బయటపడిపోయాయి. "భాష రానివాడివి, నీవే నయం. నేను నోరు తెరిస్తే చాలు, పరాయివాణ్ణి" అని అతడు నాతో అన్నాడు.

ఏడు కిలోమీటర్ల వేగం

ఢాకా రద్దీని గురించి విననివారు ఉండరు. ఆ నగరంలో వాహనాల సగటు వేగం పదేళ్ళలో గంటకు 21 కిలోమీటర్ల నుండి 7 కిలోమీటర్లకు పడిపోయిందని ప్రపంచ బ్యాంకు 2017లో పేర్కొన్నది. అంటే మనిషి చురుకుగా నడిచే వేగానికి కొంచెం ఎక్కువ. మేము కారులో కూర్చున్న రోజులలో ఆ లెక్క అతిశయోక్తిగా తోచలేదు. రంగు వెలిసి, పక్కలు గీసుకుపోయిన బస్సులు ఒకదానినొకటి తోసుకుంటూ పోతాయి. వాటి సందులలో ఆకుపచ్చ ఆటోలు. ఇంధనం పేరుతో వాటిని అక్కడ 'సి.ఎన్.జి.' అనే పిలుస్తారు. వాటికి ఇరువైపులా ఇనుప ఊచల తలుపులు ఉంటాయి. దొంగల భయం వలన పెట్టినవట. ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంటే బోనులో కూర్చున్నట్టే ఉంటుంది. మొదటిసారి అది నాకు ఊపిరాడని అనుభవం. నాలుగో రోజుకు ఊచల సందుల నుండి బయటి ప్రపంచాన్ని చూస్తూ నిశ్చింతగా కూర్చోవడం అలవాటైంది. మనిషి ఎంత త్వరగా దేనికైనా అలవాటుపడగలడో అదొక నిదర్శనం.

ఇక మెట్రో రైలు. ఉత్తరా నుండి అగార్‌గావ్ వరకు 2022 డిసెంబరులో ప్రారంభమై, 2023 నవంబరులో మోతీఝీల్ వరకు పొడిగించబడిన ఈ మార్గం సుమారు 20 కిలోమీటర్లు. రోడ్డు మీద ఎన్ని గంటలు పట్టేదో చెప్పలేని ప్రయాణం ముప్పావు గంట లోపున ముగుస్తుంది. నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు. క్రింద బస్సు కోసం భుజాలతో పోరాడుతున్న జనమే మెట్లెక్కి పైకి రాగానే బారులు తీరి నిలబడ్డారు. దిగేవారికి దారి విడిచారు. స్త్రీలకు ప్రత్యేకించిన పెట్టెలోకి పురుషులు తొంగిచూడలేదు. మన దేశంలో కూడా జనం గురించి మాట్లాడేటప్పుడు "మన వాళ్ళకు క్రమశిక్షణ లేదు" అని తేల్చివేయడం పరిపాటి. జనం గుణం వారి రక్తంలో లేదని, వారికి కల్పించిన ఏర్పాటులో ఉన్నదని ఆ మెట్ల మీద రెండు నిమిషాలు నిలబడినవారికి ఎవరికైనా బోధపడుతుంది. ఏర్పాట్లు చేయడమే వృత్తిగా గల మన బోటివారు గుర్తుంచుకోదగిన విషయం ఇది.

మామా అనే పిలుపు

ఢాకా రిక్షాలు వన్నెచిన్నెల రిక్షాలు. వెనుక రేకు మీద సినిమా తారలు, నెమళ్ళు, పులులు, పూలు, పల్లె దృశ్యాలు - కన్ను చెదిరే రంగులలో చిత్రించి ఉంటాయి. ఈ రిక్షాలను, రిక్షా చిత్రకళను 2023 డిసెంబరులో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన పట్టణాలలో కనుమరుగైపోయిన రిక్షా గంటల మోత అక్కడ తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి వరకు వినబడుతూనే ఉంటుంది.

ఆ మోతలో ఒక పిలుపు నా చెవిని పట్టి ఆపింది. విశ్వవిద్యాలయం దగ్గర ఒక కుర్రవాడు రిక్షా అతనిని "మామా, జాబేన్?" అని అడిగాడు. "మామా, వస్తారా?" అని అర్థం. ఆ తరువాత గమనిస్తే టీ దుకాణదారు మామ, బస్సు కండక్టరు మామ, పండ్లమ్మేవాడు మామ. మేనమామను పిలిచే మాటే అది. తెలుగువాడికి ఈ మాటలో ఉన్న చనువు వివరించనక్కరలేదు. మరొక విశేషం, ఆ క్రియాపదం గౌరవవాచకం. 'వస్తావా' కాదు, 'వస్తారా'. మన ఊళ్ళలో "ఏయ్, రిక్షా!" అని పిలిచిన కాలం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మనిషిని వాహనం పేరుతో పిలిచాం. అక్కడ అంత రద్దీలో, అంత తొందరలో, చుట్టరికం కలిపి పిలుస్తున్నారు. బేరం వచ్చినప్పుడు ఆ మామతోనే గట్టిగా వాదిస్తారన్నది కూడా నిజమే. అయినా పిలుపు మారదు. కోట్ల జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ బ్రతకవలసిన చోట పరాయివాణ్ణి బంధువుగా పిలవడం కేవలం ముచ్చట కాదు, అది బ్రతికే ఉపాయం కూడానని నాకు తోచింది.

తలక్రిందులైన విస్తరి

మా ఆతిథేయి అయిన ఇంజనీరుగారి ఇంట్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనం. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం ఉదయం మేము కార్యాలయంలో ఉంటే ఇక్కడ ఇంటివారు తీరికగా ఫోను చేసేవారు.

ముందుగా అన్నం, దానితో 'భర్తా'లు వచ్చాయి. ఉడికించిన బంగాళాదుంప, కాల్చిన వంకాయ, ఎండుచేప - వీటిని ఒక్కొక్కదానిని ఉల్లి, మిరపకాయ, ఆవనూనె చేర్చి చేతితో మెదిపి చేసినవి. మన రోటిపచ్చళ్ళకు దగ్గరి చుట్టాలు. ముద్ద కలుపుకోగానే ఇంటికి వచ్చినట్టే అనిపించింది. ఆవనూనె ఘాటు ముక్కుకు తగలగానే మళ్ళీ పరదేశం. తరువాత కూర, ఆ తరువాత ఇలిష్ చేప. ఇది మరేమిటో కాదు, వరద కాలంలో గోదావరికి ఎదురీది వచ్చే మన పులసే. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెతను నేను చెప్పగా ఆ ఇంటి ఇల్లాలు పకపక నవ్వారు. ఆ చేప వారికి జాతీయ మత్స్యం. అన్నీ అయిన తరువాత చివరగా పప్పు వచ్చింది. పప్పుతో ఆరంభించి పెరుగుతో ముగించే మనకు భోజనం వెనుక నుండి ముందుకు నడిచినట్టుంటుంది. పెరుగు కూడా వచ్చింది, తియ్యగా, మట్టి మూకుడులో, మిఠాయి స్థానంలో. పెరుగన్నం అనే పదార్థాన్ని నేను వర్ణించగా, ఆ ఇంటి పదేళ్ళ అమ్మాయి, అన్నంలో మిఠాయి ఎందుకు కలుపుకుంటారని అడిగింది. ఇంతలో ఆ ఇల్లాలు "ఆర్ ఎక్టు" అంటూ మళ్ళీ వడ్డించారు. "ఇంకొంచెం" అని అర్థం. ఆ ఒక్క మాటకు మాత్రం అనువాదం అవసరం లేకపోయింది.

తెల్లవారుజాము జనం

'జనం' అన్న మాట వినగానే మన కళ్ళకు కట్టేది మగవారి గుంపు. ఉదయం ఏడు గంటల వేళ మీర్పూర్ ప్రాంతంలో నేను చూసిన జనం స్త్రీలు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని, చకచకా, వరుసలు వరుసలుగా దుస్తుల కర్మాగారాలకు నడిచిపోతున్న యువతులు. ఎక్కువమంది పల్లెల నుండి వచ్చినవారు. బంగ్లాదేశ్ ఎగుమతి ఆదాయంలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఈ దుస్తుల పరిశ్రమ నుండే వస్తుంది. ఢాకా శివార్లలోని సావర్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఇటువంటి కార్మికులే. గోడలకు పగుళ్ళు కనబడిన మర్నాడు కూడా వారిని పనిలోకి పిలిచారు. భద్రతా వారోత్సవాలు ఏటా జరుపుకునే సంస్థలో పనిచేస్తున్న మనకు ఈ వాక్యం దగ్గర కొంతసేపు ఆగక తప్పదు. ఆ వీధి అంచున నిలబడి చూస్తున్నంతసేపూ నాకు వారి సంఖ్య స్ఫురించలేదు. ఒకామె నడుస్తూనే జడ అల్లుకుంటున్నది. మరొకామె పక్కామెకు ఏదో కబురు చెప్పి నవ్విస్తున్నది. దూరం నుండి గుంపుగా కనబడినవారు దగ్గరకు రాగానే మనుషులయ్యారు.

ఒకే మైదానం

నగరం నడిబొడ్డున సుహ్రావర్దీ ఉద్యాన్ అనే విశాలమైన మైదానం ఉన్నది. పూర్వం అది రమణా గుర్రప్పందేల మైదానం. పాకిస్తాన్‌కు రాజ్యభాష ఉర్దూ మాత్రమేనని 1948 మార్చి 21న జిన్నా ప్రకటించినది ఇక్కడే. షేక్ ముజీబుర్ రెహమాన్ 1971 మార్చి 7న చరిత్రాత్మకమైన ఉపన్యాసం చేసినది ఇక్కడే. అదే సంవత్సరం డిసెంబరు 16న పాకిస్తాన్ సేనాని నియాజీ మన లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా సమక్షంలో లొంగుబాటు పత్రంపై సంతకం చేసినది కూడా ఇక్కడే.

విశాఖపట్నం సముద్రతీరాన యుద్ధ విజయ స్మారకాన్ని చూస్తూ పెరిగిన మనకు 1971 యుద్ధం అంటే డిసెంబరులో పదమూడు రోజులు. అగార్‌గావ్‌లోని విముక్తి యుద్ధ ప్రదర్శనశాలను చూసినప్పుడు వారి లెక్క వేరని తెలుస్తుంది. వారికి అది మార్చి 25 రాత్రి మొదలై తొమ్మిది నెలలు సాగిన యుద్ధం. మన సైన్యం పట్ల కృతజ్ఞత అక్కడ కనబడుతుంది; కాని ఆ కథలో నాయకులు వారే. ఒకే సంఘటనకు రెండు ఇళ్ళలో రెండు నిడివులు.

ఆ మైదానంలోనూ, ఎదుటనే 1955లో స్థాపించబడిన బంగ్లా అకాడమీ ఆవరణలోనూ ప్రతి ఫిబ్రవరి నెలలో పుస్తకాల సంత జరుగుతుంది. మేము వెళ్ళినది ఫిబ్రవరి 14 సాయంత్రం. ఆ రోజు బెంగాలీ ఫాల్గుణ మాసపు మొదటి దినం. ఆ సంవత్సరం వసంత పంచమి కూడా అదే రోజు వచ్చింది. విశ్వవిద్యాలయంలోని జగన్నాథ్ హాల్ ఆవరణలో ఒక్కొక్క శాఖ విద్యార్థులు ఒక్కొక్క సరస్వతీ మండపం కట్టారు. బాసర క్షేత్రంలో అక్షరాభ్యాసాల రద్దీని చూసినవారు ఆ దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. వీధుల నిండా పసుపుపచ్చ చీరెలు, జడలలో పూలు. హిందువులెవరో ముస్లిములెవరో పోల్చడం నా వలన కాలేదు. అక్కడ నుండి పుస్తకాల సంత దాకా భుజం భుజం రాసుకుంటూ నడిచాం. ప్రవేశ రుసుము లేదు. చంకలో బిడ్డలతో తల్లులు, అమ్మమ్మల చేతులు పట్టుకున్న పిల్లలు బారులు తీరి వెళుతున్నారు. ఈ నగరంలో నేను చూసిన అతి పెద్ద జనసమ్మర్దం సినిమాకు కాదు, క్రికెట్‌కు కాదు, పుస్తకాలకు. మన విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనలను నేను ఇష్టంగా చూస్తాను. కాని ఒక భాష తన పుట్టినరోజు చేసుకుంటున్నట్టు ఊరంతా కదలిరావడం మునుపు చూడలేదు.

పెద్ద దేశపు మనిషి

ఇంతవరకు చెప్పినవన్నీ కంటికి, నోటికి సంబంధించినవి. ఒక సాయంత్రం టీ దుకాణం బల్ల మీద జరిగిన సంభాషణ అంతకంటె లోపలికి తాకింది.

నేను హైదరాబాదులో చదువుకున్నానని చెప్పగానే ఆ దుకాణదారు తన అన్నగారిని వైద్యం కోసం వెల్లూరు తీసుకువెళ్ళిన సంగతి చెప్పుకొచ్చాడు. ఆ ఆసుపత్రిలో ఏ కిటికీ దగ్గర చీటీ తీసుకోవాలో కూడా అతనికి జ్ఞాపకం. మన దక్షిణాది ఊళ్ళ పేర్లు అక్కడి సామాన్యులకు ఆసుపత్రుల ద్వారా తెలుసు. మాతో వచ్చిన యువ ఇంజనీరు నవ్వుతూనే ఇలా అన్నాడు: "దాదా, మీ రాష్ట్రాల పేర్లు, నదుల పేర్లు, సినిమా తారల పేర్లు మాకు తెలుసు. మా దేశంలో ఉన్న జిల్లాలలో రెండింటి పేర్లు మీ పిల్లలు చెప్పగలరా? పెద్ద ఇంటివారికి పక్కింటి వైపు కిటికీ ఉండదు."

తరువాత మాట తీస్తా నది మీదికి మళ్ళింది. ఆ నదీజలాల పంపకంపై 2011 సెప్టెంబరులో కుదరవలసిన ఒప్పందం సంతకం కాలేదు. ఎండాకాలంలో నీళ్ళు రావని, వానాకాలంలో అక్కరలేనన్ని వస్తాయని అతడు చెబుతుంటే నాకు కృష్ణా ఆయకట్టు చివరి భూముల రైతులు గుర్తుకు వచ్చారు. ఎగువవారు ఏమి చేస్తున్నారోనని దిగువవారు పడే ఆందోళన తెలుగువారికి కొత్త కాదు. కృష్ణ విషయంలో మనం దిగువన ఉన్నాం. ఆ బల్ల మీద నేను ఎగువవాణ్ణి. ఢిల్లీకి ఎప్పుడు వెళ్ళినా మనం మారుమూల నుండి వచ్చినవారమే. మన భాషను కూడా సరిగా గుర్తించరని నొచ్చుకుంటాం. ఇక్కడ మాత్రం నేను 'పెద్ద దేశపు మనిషిని'. ఎన్నడూ తొడుక్కోని కోటును ఎవరో నా భుజాల మీద కప్పినట్టయింది. అది నాకు సరిపోలేదు, కాని విప్పివేయడానికీ వీలులేదు. అంత రద్దీ కలిగించని దిగ్భ్రమను ఆ నాలుగు మాటలు కలిగించాయి. ఇంతకూ టీ డబ్బులు అతడే ఇచ్చాడు, మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

ఫిబ్రవరి ఇరవై ఒకటి

బెంగాలీకి రాజ్యభాష హోదా కోరుతూ ఊరేగిన విద్యార్థుల మీద 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో పోలీసులు కాల్పులు జరిపారు. సలాం, బర్కత్, రఫీక్, జబ్బార్ మొదలైన యువకులు అమరులయ్యారు. వారి స్మృతిచిహ్నమే షహీద్ మినార్. పాకిస్తాన్ సైన్యం 1971లో దానిని కూల్చివేసింది. స్వాతంత్ర్యానంతరం తిరిగి నిర్మించారు. యునెస్కో 1999 నవంబరులో ఫిబ్రవరి 21ని అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించినది ఈ సంఘటనను పురస్కరించుకునే.

మేము తిరిగి బయలుదేరవలసిన రోజు కూడా అదే. ఉదయం మా ఆతిథేయి కుటుంబంతో వెళ్ళాం. దారి పొడవునా రోడ్ల మీద ముగ్గులు. తెలుపు, నలుపు దుస్తులలో, చెప్పులు విడిచి, పూలు పట్టుకుని జనం నడుస్తున్నారు. పన్నెండు రోజులుగా నేను ఎరిగిన హోరు, గంటలు, కేకలు లేవు. లక్షల పాదాలు తారురోడ్డు మీద చేసే మెత్తని చప్పుడు మాత్రం ఉన్నది. అంత జనంలో అంత నిశ్శబ్దం సాధ్యమని చూస్తేనే గాని నమ్మలేం.

నేను ఇంజనీరుగారికి మన సంగతి చెప్పాను. అదే 1952లో, అక్టోబరు 19న, మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15న ప్రాణత్యాగం చేసిన వృత్తాంతం, మరుసటి సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన వృత్తాంతం ఆయన అంతకుముందు వినలేదు. రెండు ఉద్యమాల దారులు వేరు, గమ్యాలు వేరు. అయినా ఒకే సంవత్సరంలో, ఒకే సముద్రపు రెండు మూలల, మనుషులు భాష కోసం ప్రాణాలు విడిచారన్నది ఆయనను కదిలించింది. కొంతసేపటికి ఆయన ఒక చిన్న ప్రశ్న అడిగారు: "మరి మీ పిల్లలు మీ భాషలో చదువుతారా?"

ఉన్న సంగతి చెప్పాను. ఉద్యోగరీత్యా మేము సొంత రాష్ట్రానికి దూరంగా ఉంటాం, మా టౌన్‌షిప్ బడిలో ఇంగ్లీషు, హిందీ, సంస్కృతం ఉన్నాయి, తెలుగు లేదు, పిల్లలు ఇంట్లో మాట్లాడతారు, చదవడం వ్రాయడం కొందరికే వస్తుంది. ఆయన తల ఊపారు. ఆయన కుమార్తె మాత్రం తన పేరు తెలుగులో వ్రాసి చూపమన్నది. పూలు చుట్టి తెచ్చిన కాగితం మీదనే వ్రాసి ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "జిలేబీలు!" అని సంబరపడి, మడతపెట్టి దాచుకున్నది.

ఆ తరువాత

నేను వ్రాసినది 2024 ఫిబ్రవరి నాటి ఢాకా. ఆ సంవత్సరం జూలైలో ఉద్యోగాల కోటాపై విద్యార్థుల ఆందోళన చెలరేగింది. ఆగస్టు 5న ప్రధాని దేశం విడిచి వెళ్ళడంతో ప్రభుత్వం మారింది. ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోయారు. మేము మురిసిపోయి చూసిన మెట్రో మార్గంలో రెండు స్టేషన్లు విధ్వంసానికి గురై, నెలల తరువాత తిరిగి తెరుచుకున్నాయి. వార్తలలో ఆ వీధుల పేర్లు వినబడినప్పుడల్లా మునుపటి వలె పత్రిక పుట తిప్పివేయలేకపోయాను. మీర్పూర్ అంటే నడుస్తూ జడ అల్లుకున్న ఆ యువతి, విశ్వవిద్యాలయం అంటే "మామా" అని పిలిచిన కుర్రవాడు కళ్ళముందు నిలిచేవారు. ఇంజనీరుగారి కుటుంబం క్షేమమని కబురు వచ్చేదాకా ఇంట్లో అందరం ఆత్రపడ్డాం.

మన సంస్థ నుండి రేపు పొరుగుదేశాలకు వెళ్ళే అవకాశం రాగల సోదర ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. ఖాట్మండూ గాని, కొలంబో గాని, ఢాకా గాని, "అంతా మన లాగే ఉంటుంది" అన్న ధీమాను సామానులో పెట్టుకోకండి. జర్మనీ వెళుతున్నంత శ్రద్ధగా ఆ దేశపు చరిత్ర నాలుగు పుటలు చదవండి. అంకెలు, పలకరింపులు, నీళ్ళు అడిగే మాట నేర్చుకోండి.

మరొక సంగతి. తిరిగి వచ్చిన తరువాత ఇంజనీరుగారి ప్రశ్నను మా కాలనీలోని తెలుగు కుటుంబాలవారితో పంచుకున్నాను. పదవీ విరమణ చేసిన సహోద్యోగి ఒకరి సతీమణి ముందుకు వచ్చారు. 2024 జూన్ నెల నుండి ఆదివారం ఉదయం గంటసేపు కమ్యూనిటీ హాలులో పదకొండుమంది పిల్లలు తెలుగు దిద్దుతున్నారు. ఇతర యూనిట్లలోని మిత్రులు ఎవరైనా ఇటువంటి ప్రయత్నం చేయదలిస్తే, పలకలు, వాచకాలు ఎక్కడ దొరుకుతాయో వ్రాసి పంపడానికి ఆమె సంతోషంగా అంగీకరించారు.